పదును చూసి దించాలి

పరదేశం ఆర్డర్లు రావడం మొదలయ్యాక మా యజమానికి కొత్త పట్టుదల వచ్చింది. పనివాళ్ళకు తెలిసిందంతా రాసిపెట్టుకోవాలట. వేలూరులో తోళ్ళు ఊనే, అంటే పచ్చి తోళ్ళను శుద్ధి చేసే కార్ఖానాను మేం తోళ్ళ షాపు అంటాం. నాయన అక్కడ మేస్త్రీ, నేను ఆఫీసులో టైపిస్టును. గుడియాత్తం నుంచి ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం.

రాసిపెట్టడానికి మద్రాసు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. కృష్ణా జిల్లావాడు. ఆయన వెంట ఉండి అంతా టైపు చేసే పని నాది. తెలుగువాడే కదా, పని సులువనుకున్నాను. నా తలకాయ!

"ఆరేసిన తోలు ఎప్పుడు దించాలండీ?" అని అడిగాడు.

"పదును సూసి దించల్ల సార్," అన్నాడు నాయన.

మర్నాడు గోడ మీద అరవంలో రాయించాడు: తోలు దించేముందు కత్తులు సాన పట్టాలి. పనివాళ్ళు కత్తులు సాన పడుతూ కూర్చున్నారు, తోళ్ళేమో తాళ్ళ మీదే ఎండిపోయాయి. ఆయనకు పదునంటే కత్తిది. మాకు పదునంటే తడి, దుక్కికి నేలలో ఉండాల్సినంత తడి. ఇద్దరిదీ తెలుగే. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఇద్దరి మీదా కోప్పడ్డాను.

"ఎంత తడి?" అన్నాడు ఇంజనీరు.

"సెయ్యి పెడితే తెలుస్తాది సార్. సల్లగా ఉండల్ల, అంటుకోగూడదు. అంతే."

ఆయన తడి కొలిచే మీటరు తెచ్చాడు. తంగేడు బెరడుతో ఊనిన పాత రకం తోళ్ళ విషయంలో నాయన చెయ్యి తప్పింది లేదు. కానీ ఇవి క్రోమ్ తోళ్ళు, రసాయనాలతో చేసే కొత్త రకం. ఒక లోడులో సగం నాయన మాట మీద, సగం మీటరు చూసి దించారు. నాయన దించమన్నవి తోలు మెత్తబరిచే మిషన్లో మెత్తబడక అట్టల్లా మిగిలాయి. మీటరు చూసి దించినవి మెత్తబడ్డాయి. తర్వాతి లోడుకు సరిగ్గా తలకిందులైంది. ఎందుకో ఇంజనీరుకూ తెలియలేదు, నాయనకూ తెలియలేదు. యజమానికి మాత్రం చెయ్యా, మీటరా, ఏదో ఒక మాట కావాలి. చెయ్యి వద్దంటే షాపులో నాయనకు వేరే పనేముంది? నాకు భయం వేసింది.

ఇంకో లోడు ఆరింది. పనివాళ్ళు అలవాటుగా నాయన వైపు చూశారు. ఆయన తోలు మీద చెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"మీటర్లో ఏముండాదో సూసి సెప్పమ్మా," అన్నాడు నాతో.

చదివి చెప్పాను. దించమన్నాడు.

"నీ చేతికీ అట్లే తోచిందా నాయనా?" అని అడిగాను.

"ఏమోమ్మా," అన్నాడు. "నువ్వు సెప్పినాక నా సెయ్యి ఏం సెప్పిందో మర్సిపోయినా."