గిటారు కడ్డీ ఎంచుకున్నాను

పగ ఉంచుకోవడం నాకు బాగా చేతనవును. కోపం వస్తే అరిచేసి మర్చిపోయేవాళ్ళుంటారు. నేను అరవను, మర్చిపోను. మా అమ్మ నన్ను చూసి "దీనిది పాము పగ" అని మురిపెంగానే అనేది. నందికొండలో ఒక ఇంజనీరుగారి భార్యకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పివుంటే ఆవిడ జాగ్రత్తపడేదేమో.

అది ఆనకట్ట కడుతున్న కాలం. మా ఆయన అక్కడి వర్క్‌షాపులో ఫిట్టరు. కొత్తకాపురానికి గద్వాల నుంచి వచ్చిన నాకు ఆ ఊళ్ళో ఏమీ తోచేది కాదు. పొద్దంతా బండలు పేల్చే చప్పుడు, రాతిదుమ్ము, లారీలు. పక్క క్వార్టరులో ఒక పంజాబీ ఆవిడ ఉండేది. ఆమె దగ్గర గిటారు ఉంది. ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని వాయించే రకం. కుడిచేత్తో తీగలు మీటుతూ ఎడమచేత్తో వాటి మీద ఒక ఉక్కు కడ్డీ జరపాలి. ఆ కడ్డీ ఎక్కడ ఆగితే అక్కడ స్వరం. వాళ్ళ పిల్లలు కడ్డీని ఎక్కడో పారేయడంతో ఆమె కూరగాయల కత్తి వీపుతోనే కానిచ్చేది. సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టి నేర్పింది. బదిలీ మీద వెళ్ళిపోతూ గిటారును నా ఒళ్ళో పెట్టి, నా బుగ్గ గిల్లి వెళ్ళింది. నేను రెండు రోజులు ఏడ్చి మూడోరోజు వాయించాను.

కత్తితో ఎన్నాళ్ళు? ఆడవాళ్ళ క్లబ్బులో ఇంజనీరుగారి భార్య ఇదే గిటారు వాయిస్తుందనీ, మద్రాసు నుంచి తెచ్చిన కడ్డీలు ఆవిడ దగ్గర ఉన్నాయనీ విని వెళ్ళాను. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మాట మెత్తన. పెట్టె తెరిచి మూడు కడ్డీలు బల్లమీద పెట్టింది.

"నీకు నచ్చింది తీసుకో అమ్మాయ్. మొహమాటపడకు" అంది.

ఇక్కడ మా ఇంటి పద్ధతి చెప్పాలి. మాది నేతపని. మా నాయన కొత్త నాడె, అదే మగ్గంలో పోగును అటూ ఇటూ మోసుకెళ్ళే పనిముట్టు, కొనేటప్పుడు రెండు చూసేవాడు. పట్టుపోగును దాని ఒంటి మీదుగా లాగితే ఎక్కడా తట్టుకోకూడదు. రెండోది, అరచేతిలో పెడితే ఉన్నట్టే తెలియకూడదు. బరువు నాడె చేతిని అలపిస్తుంది, పోగును తెంపుతుంది. తేలికది పడుగు దారాల మధ్యనుంచి చేపపిల్లలా జారిపోతుంది. పుట్టినప్పటినుంచి చూసింది అదే. అందుకని కొంగు అంచులోంచి ఒక పోగు లాగి మూడు కడ్డీల మీదా జరిపాను. మూడూ నున్నగానే ఉన్నాయి. అప్పుడు అన్నిటికన్నా తేలికది తీసుకున్నాను. లోపల డొల్ల. తళతళ మెరిసిపోతోంది.

ఆవిడ నా చేతికేసి చూసి, "అదేనా? మంచిదే ఎంచుకున్నావు" అని నవ్వింది.

ఏడాదంతా ఆ డొల్ల కడ్డీతో కుస్తీ పట్టాను. తీగలు పలకవు, గీకుతాయి. గట్టిగా నొక్కితే స్వరం పక్కకు పోతుంది, వదిలితే జీరపోతుంది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతూ, "గా సప్పుడేందే? రేకు మీద గోరు పెట్టి గీకినట్టున్నది" అనేవాడు. లోపం నా చేతిదే అనుకున్నాను. పంజాబీ ఆవిడ ఉన్నప్పుడు కత్తితోనే ఇంతకన్నా బాగా వాయించాను కదా అని ఒక్కసారైనా తోచలేదు చూడండి. పెద్దింటావిడ మంచిదన్న వస్తువును అనుమానించే ధైర్యం నాకప్పుడు లేదు.

క్లబ్బు వార్షికోత్సవానికి ఎవరెవరు ఏం చేయాలో చూడటానికి ఒక మధ్యాహ్నం ఆడవాళ్ళందరూ చేరారు. నేనూ వాయించాను. మూడో చరణానికే ముసిముసి నవ్వులు మొదలయ్యాయి. పాట ఆపేశాను. అప్పుడు ఇంజనీరుగారి భార్య అందరికీ వినబడేలా అంది.

"కడ్డీ బరువుగా ఉంటేనే తీగ పలుకుతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మగ్గంవాళ్ళ పిల్ల కదా, నాడె ఎంచుకున్నట్టు ఎంచుకుంది. ఆ రోజే అనుకున్నాను, ఎంతకాలానికి తెలుసుకుంటుందో చూద్దామని."

ఇంకా గట్టిగా నవ్వారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది కూడా. నాకు వాళ్ళ నవ్వు గుర్తులేదు. ఆవిడ అన్న చివరిమాట ఒక్కటే గుర్తుంది. ఆవిడకు తెలుసు. తెలిసి ఏడాది పాటు నన్నలా గీకనిచ్చింది. మా క్వార్టరు ముందునుంచి షికారు వెళ్తూ ఆ గీకుడు విని ఎన్నిసార్లు నవ్వుకుందో. ఆ కడ్డీని అక్కడే బల్లమీద పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన తల పట్టుకున్నాడు. "జర ఊకో. ఇంజనీరుసారు నా పై ఆఫీసరు. గాళ్ళతోని మనకు కయ్యమేంది?"

"నేను కయ్యం పెట్టుకుంటలేను. నాకు బరువుది కావాలె. తెస్తవా తేవా?"

తెచ్చాడు. వర్క్‌షాపులో అరిగి పారేసిన పెద్ద యంత్రాల బేరింగుల్లో కడ్డీల్లాంటి ఉక్కు రోలర్లుంటాయి. మేస్త్రీనడిగి టిఫిను డబ్బా నిండా వేసుకొచ్చి చాప మీద కుమ్మరించాడు. నేను అన్నం కూడా వండకుండా ఎంచడానికి కూర్చున్నాను. పొట్టివి ఆరు తీగల మీదా ఆనవు, అవతల పెట్టాను. మరీ లావువి వేళ్ళకు లొంగవు, స్వరం ఊగడానికి వణికించబోతే బండలా పడుంటాయి. మిగిలినవాటి మీద పట్టుపోగు లాగాను. కంటికి నున్నగా ఉన్నవాటి మీద కూడా సన్నటి గుంటలున్నాయి, పోగు తట్టుకుంది. ఒక్కటి మిగిలింది. నా చూపుడువేలంత పొడవు, చేతిలో పెడితే మణికట్టు దాకా బరువు తెలుస్తోంది. తీగల మీద ఊరికే ఆనించి మీటాను. నొక్కకుండానే పలికింది. ఆ పలకడం గది దాటి వాకిట్లోకి పోయింది. మా ఆయన దాన్ని వర్క్‌షాపుకు తీసుకెళ్ళి, ఒక కొసను గ్రైండింగు రాయి మీద గుండ్రంగా తిప్పి, నూనె గుడ్డతో తుడిచి తెచ్చిచ్చాడు.

తరవాత ఏడాదంతా కిటికీలు మూసుకుని సాధన చేశాను. ఎండాకాలంలో కూడా తెరవలేదు. ఆవిడ మాత్రం తెరిచే పెట్టేది. గుట్టమీది ఆఫీసర్ల బంగళా నుంచి ఆవిడ సాధన చేసే పాట రోజూ గాలికి కిందికొచ్చేది. ఆ పాట ఎత్తుగడా, మలుపులూ, ఆవిడ ప్రతిసారీ తప్పటడుగు వేసే చోటూ అన్నీ నాకు వచ్చేశాయి. పండక్కి వచ్చిన మా అమ్మ ఒకరోజు తలుపులేసుకుని విని, "నవ్విన నాపచేనే పండుతది బిడ్డా" అంది. పండటంతో నాకు సరిపోదని ఆమెకు చెప్పలేదు.

ఆ ఏడు ఉత్సవానికి నన్ను పిలిచింది ఆవిడే. "జనం వచ్చి కూర్చునేలోగా ఏదో ఒకటి మోగుతూ ఉండాలి. నువ్వు కాసేపు గీకు" అంది. చివరి అంశం ఆవిడది. నేనేం వాయిస్తానని అడగనైనా లేదు. "సరే అమ్మగారూ" అని తల ఊపాను.

వేదిక మీద కూర్చున్నాను. కుర్చీలు ఈడుస్తున్నారు, పిల్లలు పరిగెడుతున్నారు. నేను ఆవిడ పాటే ఎత్తుకున్నాను. మొదటి వరుస అయ్యేసరికి కుర్చీల చప్పుడు ఆగింది. రెండో చరణానికి గుమ్మంలో బీడీలు కాల్చుకుంటున్న మగవాళ్ళు లోపలికొచ్చారు. ఆవిడ తప్పటడుగు వేసే చోట నేను కావాలనే నెమ్మదించి, కడ్డీని ఒక్కొక్క మెట్టే జరిపి, రెండుసార్లు వాయించాను. పక్కన తెర చాటునుంచి ఆవిడ చూస్తోందని తెలుసు. అయిపోయాక చప్పట్లు ఆగలేదు, మళ్ళీ వాయించమన్నారు. మళ్ళీ అదే వాయించాను.

ఆవిడకు వచ్చిన పాట అదొక్కటే. చివర్లో వచ్చి అదే మొదలుపెట్టింది. విన్న పాటే కదా అని జనం లేచి చెప్పులు వెతుక్కోసాగారు. నేను ముందు వరుసలో కూర్చుని చివరి మీటు దాకా కదలకుండా విన్నాను. ఆవిడ తలెత్తినప్పుడల్లా నేనే కనిపించాలి, అంతే.

దిగి వచ్చి, పదిమంది ఆడవాళ్ళ మధ్య, పెద్దమనిషి తరహాలో నా భుజం మీద చెయ్యి వేసింది. "బాగా వాయించావమ్మాయ్" అంది.

మా ఆయన వెనకనుంచి కొంగు లాగుతున్నాడు. నేను కదల్లేదు.

"మీకంటే మంచిగనా అమ్మగారూ?" అని అడిగాను.

ఆవిడ అటూ ఇటూ చూసింది. సాయం వచ్చేవాళ్ళు లేరు. నేను జవాబు కోసం నిలబడే ఉన్నాను.

"అవును" అంది చివరికి. అంటున్నప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాకు జాలి కలిగిందని రాస్తే చదివేవాళ్ళకు నేను మంచిదాన్నిగా కనిపిస్తాను. కలగలేదు. ఆ రోజు ఇంటికెళ్ళి కడుపునిండా అన్నం తిన్నాను.