వేడి మీద స్టార్ట్ కాని పడవ

ఇబ్రహీంపట్నంలో లారీ దిగేసరికి ఉదయం పదకొండున్నర. పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం. మా పోస్టు పెద్ద చెరువు కట్ట చివర, రెండు పాత గదుల్లో ఉంది. మూడు వైపులా ఇసుక బస్తాలు, నాలుగో వైపు నీళ్ళు. నాతో కలిపి పన్నెండు మందిమి. నా దగ్గర రైఫిలు, యాభై తూటాలు, రెండు దుప్పట్లు, ఒక స్పానర్ల సంచి. ఆ సంచి కోసమే నన్ను అక్కడికి పంపారు. తూటాలు కాల్చే పని నాకు పడలేదు, కాబట్టి వీరగాథ కోసం చూస్తున్నవాళ్ళు ఇక్కడే లేచిపోవచ్చు.

రేవులో ఒక మోటారు పడవ ఉంది. ఆ ఊరి దొర తన కొడుకు సరదా కోసం బొంబాయి నుంచి తెప్పించాడట. పడవకు తాడు కట్టి, తాడు పట్టుకుని ఒక చెక్క మీద కొడుకు నిలబడితే, అది వాణ్ని నీళ్ళ మీద ఈడ్చుకుంటూ పోయేది. జనం ఒక పూట జొన్న గట్కకు తడుముకుంటున్న రోజుల్లో ఆ ముచ్చట! కమ్యూనిస్టుల సంఘం దళాలు లేచాక దొర పట్నానికి పారిపోయాడు. పడవను సైన్యం స్వాధీనం చేసుకుంది. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, పడవ నడుమ చెక్క పెట్టె కింద ఉండేది. బర్మా నదుల మీద మూడేళ్ళు ఇలాంటి వాటితోనే కాపురం చేశాను కాబట్టి చూడగానే ప్రాణం లేచొచ్చింది.

మా హవల్దారు చిత్తూరు వైపు మనిషి. ప్రతి మాటకూ గడియారం చూసుకునేవాడు.

"చల్లగా ఉంటే ఒక్క సెల్ఫ్‌కే లేస్తాది. పోయి ఆపినామంటే మళ్ళా ముప్పావు గంట లేవదు. పోయిన వారం అవతలి గట్టున నలుగురం ఎండలో కూర్చున్నాం. అప్పుడు దళం వచ్చుంటే మా గతేంది? నువ్వు బుక్కులో సంతకం పెట్టిందాకా దీంట్లోకి మనిషిని ఎక్కించను" అన్నాడు.

అది నియమం. మెకానిక్ "ఫిట్" అని సంతకం చేయనిదే, పరీక్షకు తప్ప, బండైనా పడవైనా మనుషులతో కదలకూడదు.

మొదటి రోజు కాయిల్‌ను అనుమానించాను. వేడెక్కితే కాయిల్ చచ్చిపోవడం బర్మాలో చూశాను. ఇరవై నిమిషాలు నడిపి, ఆపి, ప్లగ్గు విప్పి ఇంజను ఒంటికి ఆనించి తిప్పాను. నిప్పురవ్వ నీలంగా, చురుగ్గా వచ్చింది. కాయిల్ కాదు. రెండో రోజు పెట్రోలు ఎక్కువై ముంచేస్తోందేమో అనుకున్నాను. ప్లగ్గులు చూస్తే పొడిగా ఉన్నాయి. మూడో రోజు నీళ్ళు పీల్చే జల్లెడలోంచి దోసెడు నాచు తీశాను. ఇంజను వేడి కొంచెం తగ్గింది కానీ బుద్ధి మారలేదు. హవల్దారు గడియారం చూశాడు. నాకు ఒళ్ళు మండింది.

నాలుగో రోజు మధ్యాహ్నం పరీక్ష కోసం వైర్‌లెస్ వాణ్ని తోడు తీసుకుని అవతలి ఒడ్డుకు పోయాను. బెజవాడ వైపు కుర్రాడు, నోరు ఆగదు. పన్నెండు నిమిషాల ప్రయాణం. ఒడ్డుకు వంద గజాల ముందు నుంచీ నాచు, బురద. ఇంజను నడిస్తే జల్లెడ పూడిపోతుంది. అక్కడ ఆపి, గడకర్రతో తోసుకుంటూ పోవాల్సిందే. మధ్యాహ్నం రెండూ పదికి ఒడ్డు తగిలింది. సెల్ఫ్ నొక్కితే మామూలే, లేవలేదు.

ఎదురుగా చెరువు శికంలో జొన్న చేను. నీళ్ళు వెనక్కి పోయిన కొద్దీ ఆ తడి నేలలో వేసిన పంట. గింజ పట్టి పసుపు తిరిగింది. చేను అంచున కొడవలి పట్టుకుని ఒక ఆవిడ నిలబడి ఉంది. పేరు లచ్చవ్వ అని తర్వాత తెలిసింది.

"ఏందన్నా, దొర పడవ మళ్ల మొండికేసిందా?"

"అవ్ అక్కా. జర తాగ నీళ్ళుంటె ఇయ్యి."

"చెరువు మీద కూసోని నన్నడుగుతున్నవ్!" అని నవ్వి కుండ ఇచ్చింది.

తాగి, ఇంజను పెట్రోలు పంపు దగ్గర పైపు నట్టు వదులు చేశాను. పెట్రోలు రాలేదు. బుస్సుమని ఆవిరి, నాలుగు బుడగలు. అప్పుడు కనబడింది. ఆ రాగి పైపు పొగగొట్టానికి అంటుకుని పోతోంది. ఇంజను నడిచేటప్పుడు పెట్రోలు పారుతూ ఉంటుంది కాబట్టి కాగదు. ఆపగానే పైపులోనే నిలిచి మరుగుతుంది. ఆవిరిని పంపు లాగలేదు. చల్లారేదాకా అంతే.

"పైపుకు జరమొచ్చినట్టుంది అక్కా" అన్నాను.

ఆమె నెత్తి మీది చుట్టబట్ట తీసి చెరువులో ముంచి నా మీదికి విసిరింది. "మా పోరగాండ్లకు జరమొస్తె గిట్లనే నొసటి మీద ఏస్త. ఏసి సూడు."

పైపుకు చుట్టాను. అయిదు నిమిషాలు ఆగి నొక్కితే ఇంజను ఒక్క దెబ్బకు లేచింది. వైర్‌లెస్ వాడు చప్పట్లు కొట్టాడు. నాచులో నడపకూడదని వెంటనే ఆపేశాను. లచ్చవ్వ తన బట్ట తను తీసుకుని పిండి మళ్ళీ నెత్తిన పెట్టుకుంది.

"చేనెవరిది?" అని అడిగాను.

"మాదే. ఎన్కట దొరది. గప్పుడు ఎట్టికి దున్నినం. సంఘమోళ్ళు పంచినంక పదకొండిండ్లోళ్ళం ఏస్కున్నం. ఇంక పది దినాలైతె కోతైపోతది. మా ఇంట్ల సొంత గింజ ఇదే మొదలన్నా."

పైపు చల్లారేదాకా ఆగి, నాలుగున్నరకు పోస్టుకు తిరిగొచ్చాను. రిపోర్టు చేద్దామని లోపలికి పోతే, మాకున్న ఒకే ఒక్క కుర్చీలో కొత్త ఖద్దరు కట్టుకుని దొర కూర్చున్నాడు.

"అవతలి శికమంత నాది. ఆడున్నోళ్ళంత దళపోళ్ళే. బాట తవ్విండ్రు, లారీ పోదు. నడిసి పోతె దూరం నుంచే సూసి ఉర్కుతరు. పడవల పోతె చేన్లనే దొరుకుతరు. గింజ ఇండ్లకు చేరకముందే పట్టాలె" అని హవల్దారుకు చెబుతున్నాడు.

హవల్దారు నావైపు తిరిగాడు. "ఏమబ్బీ, తప్పు దొరికిందా?"

"దొరికింది సార్."

"సరిచేసినావా?"

"లేదు సార్. చెయ్య."

"చేతకాలేదా?"

"చేతనైతది. చెయ్య. రజాకార్లు ఊళ్ళు కాలుస్తుంటె గీ దొర యాడున్నడు సార్? ఆళ్ళు దున్నుకున్న చేను గుంజుకొచ్చేటందుకు నేను సంతకం పెట్ట."

వెనక నుంచి వైర్‌లెస్ వాడు నా చొక్కా లాగుతున్నాడు. దొర కుర్చీలోంచి సగం లేచాడు. హవల్దారు ఈసారి గడియారం చూసుకోలేదు. నన్ను చూశాడు. తర్వాత వైర్‌లెస్ వాణ్ని, "నువ్వూ ఉన్నావు కదా, తప్పేందో చెప్పు" అని గద్దించాడు.

"నాకు వైర్‌లెస్ తప్ప ఏమీ తెలీదు సార్" అన్నాడు వాడు. ఆ కుర్రాడు నోరు మూసుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

బుక్కులో ఉన్నదున్నట్టు రాశాను: వేడి మీద స్టార్ట్ కావడం లేదు. కారణం తెలిసింది. సరిచేయలేదు. కింద నా పేరు. ఇంజను పాడైందని అబద్ధం రాసి తప్పించుకోవచ్చు. అలా దొంగలా తప్పించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. దొర ముందు ఆ చేను వాళ్ళు అబద్ధమాడుతూ బతికింది చాలు, నేను కూడా ఎందుకు?

మర్నాటి నుంచి నాకు పిట్టూ శిక్ష. వీపు మీద ఇసుక నింపిన సంచి, రెండు చేతులతో తల మీదికి ఎత్తిపట్టిన రైఫిలు. పన్నెండు నుంచి రెండు దాకా కట్ట మీద పరుగు. మూడో రోజుకు అరికాళ్ళు బొబ్బలెక్కాయి. అయిదో రోజు కళ్ళు తిరిగి పడ్డాను. నీళ్ళు కొట్టి లేపారు, మళ్ళీ పరిగెత్తాను. కానీ హవల్దారుకు తట్టని సంగతి ఒకటుంది. కట్ట మీద నుంచి అవతలి ఒడ్డు బాగా కనబడుతుంది. పసుపు పచ్చని చేను రోజురోజుకూ తగ్గుతోంది. అది తగ్గిన కొద్దీ నా రైఫిలు తేలికైంది. నవ్వుతూ పరిగెత్తానని ఇంకో అరగంట పెంచారు. పెంచితే పెంచనీ అనుకున్నాను.

ఇంకో మెకానిక్‌ను పంపమని వైర్‌లెస్‌లో అడిగితే తొమ్మిది రోజులు పట్టింది. అతను వచ్చిన గంటకే పైపు పట్టుకున్నాడు. దాన్ని పక్కకు వంచి, తడి గోనె చుట్టి, సంతకం పెట్టాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"ఇది నీకు దొరకలేదంటే నమ్మను."

"దొరికింది."

"మరి?"

"మరేం లేదు."

ఆ సాయంత్రం నాలుగుకు బయలుదేరాం. హవల్దారు, ముగ్గురు సిపాయిలు, కొత్త మెకానిక్, దొర. నా చేతికి గడకర్ర ఇచ్చారు. నాచులో ఇంజను ఆపితే నేను తోశాను. ఒడ్డున చేను లేదు, కొయ్యకాళ్ళు మాత్రమే. గింజ లేదు, మనుషులు లేరు. నడుమ లచ్చవ్వ ఒక్కతే కూర్చుని గిన్నెలో గట్క తింటోంది.

ఆ కాలంలో దొర కనబడితే చెప్పులు చేతబట్టుకుని లేచి నిలబడాలి. నడుము పడిపోయిన ముసలివాళ్ళు కూడా లేచేవాళ్ళు. దొర ఆమె ముందుకు పోయి నిలబడ్డాడు.

"పంటేదే?"

"తింటున్న గద."

"లేవ్!"

"తిన్నంక లేస్త."

సిపాయిలు హవల్దారును చూశారు. హవల్దారు పడవ వైపు తిరిగి, "పదండి" అన్నాడు. నాచు దాటాక ఇంజను వేడి మీదే ఒక్క దెబ్బకు లేచింది.

నా లాన్స్‌నాయక్ పట్టీ ఊడదీశారు. రెండేళ్ళకు పింఛను లేకుండా ఇంటికొచ్చాను. మంజీర ఒడ్డున మా ఊళ్ళో పిండి గిర్నీ ఇంజను నడుపుకుంటూ బతికాను. పట్టీ పోయిందని బాధపడ్డావా అని ఇప్పటికీ అడుగుతారు. లేదు. మళ్ళీ అడిగినా సంతకం పెట్టను. కళ్ళు మూస్తే కనబడేది ఒక్కటే. ఆరుగురు తుపాకుల మనుషులం, మా ముందు దొర. దొర నిలబడే ఉన్నాడు. ఆమె ఇంకో ముద్ద కలుపుకుంది.