నాకన్నా ముందు సముద్రం చూసిన మా తోడికోడలు

"పెద్దమ్మ పోయిందిమా" అని ప్రొద్దుటూరు నుంచి మా చిన్నోడు ఫోను చేశాడు. ఆ తర్వాత ఏడుపే వినిపించింది. వాళ్ల నాయన పోయినప్పుడు కూడా వాడు అట్లా ఏడవలేదు. ఫోను పట్టుకొని నిలబడిన నాకు దుఃఖం కంటే ముందు కుళ్లు పుట్టింది. రేపు నేను పోతే వీడు ఇంతగా ఏడుస్తాడా అనుకున్నాను. మీరేమనుకున్నా సరే, మా పెద్ద తోడికోడలి గురించి రాయాలంటే నేను అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, జమ్మలమడుగు పక్కన పెన్న ఒడ్డు పల్లెకు కోడలిగా వచ్చాను. మా బావా, మా ఆయనా చేతిబోర్లు వేసేవాళ్లు. మా రాతినేలలో ఆ పని సాగదు. అందుకని ఏటా పంట ఇంటికి రాగానే ఇనుప గొట్టాలు లారీకెత్తి నెల్లూరు సముద్రతీరానికి పోయేవాళ్లు. అక్కడంతా పల్లపు నేల. ఇసుకలో కొంచెం దిగితే మంచినీళ్లు పడతాయి. ఆశపడి ఇంకా దిగితే ఉప్పునీళ్లు వచ్చి మొత్తం చెడిపోతుంది. ఎక్కడ ఆపాలన్నదే అక్కడి పని.

పనివాళ్లకు సంగటి వండిపెట్టడానికి మా తోడికోడలు వెంట పోయేది. ఆమెకు పిల్లలు లేరు. నాకు ఇద్దరు. పైగా ఇంట్లో మంచం పట్టిన అత్త. వాళ్లంతా ఎవరి ఊళ్లకో నీళ్లిస్తుంటే నేను పెన్న ఇసుకలో చెలమ తోడుకొని కడవ ఎత్తుకునేదాన్ని.

ఆమె ఎండకు నల్లబడి తిరిగొచ్చేది. గడపలో కాలు పెట్టింది మొదలు సముద్రం కబుర్లే.

"కంటికి ఆనినంత దూరమూ నీళ్లేమ్మే. గుక్కెడు తాగను పనికిరావు. మన పెన్న పోయి పోయి ఆడనే కలుస్తాది."

మంచంలో ఉన్న మా అత్త కూడా నోరు తెరుచుకొని వినేది. "వదిన ఒక గుక్క తాగి చాలంటే, ఇంక మేము గొట్టం దించము" అనేవాడు మా ఆయన. నేను చేసిన కూరను ఆయన ఎన్నడూ అంత మెచ్చుకోలేదు.

ఒక ఏడు నేను మొండికేశాను. "ఈ తూరి నేను పోతా."

ఆమె వాదిస్తుందనుకున్నాను. "పోమ్మే. అత్తనూ పిల్లోళ్లనూ నేను సూసుకుంటా. ఆడ గాలి శానా. కొంగు బిగించి కట్టుకో" అంది. అంత సులువుగా ఇచ్చేసిందని అదీ మంటే.

అక్కడికి పోతే, గొట్టం దించేందుకు మూడు కొయ్యలు నాటకముందే ఆడవాళ్లు చుట్టూ చేరారు. "ఏందమ్మా, మీ అక్క రాలేదా? ఆమె వస్తాదని చేపలు తెచ్చుంటిమే" అన్నారు. ఆ చేపలు నేనే తిన్నాను. నీళ్లు పడ్డాక మా ఆయన చెంబు నా చేతికిచ్చాడు. తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. "చాలు" అన్నాను. మా బావ మారుమాట లేకుండా పని ఆపించాడు. ఒకామె ఆ నీళ్లు దోసిట పట్టి చంకలోని బిడ్డకు తాగించింది. ఆ క్షణాన నాకు ఊళ్లో ఎవరూ గుర్తుకు రాలేదు. ఏటేటా మా తోడికోడలు ఇక్కడికి ఎందుకొస్తుందో తెలిసింది.

సాయంత్రం సముద్రం చూశాను. ఆమె చెప్పినట్టే ఉంది. ముందే అంతా చెప్పేసి నాకు ఆశ్చర్యం కూడా మిగల్చలేదే అని అక్కడా ఉడుక్కున్నాను.

ఇంటికొచ్చేసరికి మా చిన్నోడు ఆమె చీర చాటుకు పోయాడు. మాటలు అప్పుడప్పుడే వస్తున్న వయసు. చేతులు చాపితే "నువ్వు పో. నాకు పెద్దమ్మ కావల్ల" అన్నాడు.

"మీ అమ్మరా, పో" అని ఆమె ఒక చేత్తో వాణ్ని నా వైపు తోసింది. రెండో చెయ్యి మాత్రం వాడి చొక్కా వదల్లేదు. అది నేను చూశాను.

మరుసటి ఏడు నన్నెవరూ అడగకముందే "నువ్వే పో అక్కా" అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి నెమ్మదిగా అంది: "నీ కొడుకు నీకే ఉంటాడులేమ్మే. కొన్నాళ్లు నాకూ ఉండనీ."

పోవడమైతే పోయింది. కానీ వాడు ఆమె వచ్చేదాకా నా పక్కన సరిగ్గా పడుకోలేదు. పెద్దయ్యాక ప్రొద్దుటూరులో బట్టల అంగడి పెట్టాడు. మా బావ పోయాక పెద్దమ్మను తన దగ్గరికి తీసుకుపోయాడు. నన్నూ రమ్మన్నాడు. ఆమె ఉన్న ఇంట్లో నేను రెండోదాన్నవుతానని తెలుసు. పల్లెలోనే ఉండిపోయాను. పండక్కి పోతే ఆమే ఎదురొచ్చి నా కాళ్లకు నీళ్లిచ్చేది, నా కొడుకు ఇంట్లో నన్ను చుట్టాన్ని చేసి. తిరిగొచ్చేటప్పుడు మాత్రం, నాకు ఇష్టమని ఊరిబిండి పచ్చడి నూరి డబ్బాకెత్తి ఇచ్చేది. ఆ రుచి నా చేతికి ఎప్పటికీ రాలేదు.

తలకొరివి వాడే పెట్టాడు. దినాల రోజు పెన్నలో మునిగి, గుండుతో ఇంటికొచ్చి నా పక్కన కూలబడ్డాడు. "ఆకలైతాందిమా" అన్నాడు. విస్తరి వేసి వడ్డించాను. తల వంచుకొని తింటుంటే కుడిచెవి వెనుక, ఇన్నేళ్లూ వెంట్రుకల కింద దాగిన నల్లటి పుట్టుమచ్చ కనిపించింది. కన్నదాన్ని, నాకే తెలియదు. రోజూ నూనె పెట్టిన ఆమెకు తెలిసే ఉంటుంది. ఆ మచ్చ మీద వేలు పెట్టాను. వాడు తల ఎత్తలేదు, తింటూనే ఉన్నాడు.