జరగని మీటింగుకు మినిట్స్

ఇన్నేళ్లుగా ఒక కాగితం నా గుండెల మీద కూర్చుని ఉంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో మా తెలుగు సంఘానికి అప్పట్లో అధ్యక్షుణ్ణి నేను. ఒకరు రెండుసార్లకు మించి ఆ పదవిలో ఉండకూడదన్న నియమం రాసింది కూడా నేనే. సంఘం పెట్టిన కొత్తలో, చప్పట్ల మధ్య. కరోనా నాటికి నా రెండోసారి అయిపోవచ్చింది. తర్వాత మా సంఘంలోని రజిత ఎన్నికలో నిలబడాలి. లాక్‌డౌన్‌లో మాస్టర్స్ చదివే పిల్లలకు వండి పంపింది తనే. నాకేమో కుర్చీ వదలబుద్ధి కాలేదు. ఉగాదికి మైకు పట్టుకోవడం తప్ప అందులో ఏముందని?

జూమ్‌లో సర్వసభ్య సమావేశం జరిగిందని, ఆ నియమాన్ని ఏకగ్రీవంగా తీసేసి నన్నే మళ్లీ ఎన్నుకున్నారని ఇంట్లో కూర్చుని మినిట్స్ రాశాను. సమావేశం జరగలేదు. సెక్రటరీ నా మీద నమ్మకంతో చదవకుండానే సంతకం చేశాడు. ఏటా పదిమంది కూడా రాని సమావేశం కదా, మిగతావాళ్లెవరో వెళ్లే ఉంటారని ఎవరికి వాళ్లు అనుకున్నారు.

నియమం మారినట్టు రిజిస్టరు చేయించడానికి నోటరీకి పంపాల్సిన ఆ మినిట్స్ కవరు సంచిలో పెట్టుకుని బయల్దేరాను. ముందు కింది అంతస్తు పెద్దావిడకు సరుకులివ్వాలి. ఉక్రెయిన్ ఆవిడ, ఒకప్పుడు చరిత్ర టీచరు. మాస్కు పెట్టుకుని గుమ్మంలో కూర్చుని, దొరికినవాణ్ణి వదలదు. ఆ రోజు తమ దేశపు పాతకాలపు కోసాక్ యోధుల నాయకుడి గురించి చెప్పింది. యుద్ధంలో ఓడి పరాయి నేల మీద తలదాచుకున్నవాళ్లు ఆయన్ను తమ పెద్దగా ఎన్నుకున్నారట. ఏలుకోవడానికి ఒక్క ఊరు లేదు. అయినా ఆ రోజే ఆయన తన చేతులు తానే కట్టేసుకుంటూ ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాడట. ఏడాదికి మూడుసార్లు సభ పెట్టి తీరాలి. సభను అడగకుండా ఏ పెద్ద నిర్ణయమూ చేయకూడదు. తనకే అపచారం చేసినవాణ్ణయినా తాను శిక్షించకూడదు, న్యాయస్థానానికి వదిలేయాలి.

నా ఒళ్లు గగుర్పొడిచింది. అడిగేవాడు లేని చోట మనిషి ఇలా కూడా ఉండగలడా? మూడు వందల ఏళ్ల కిందటి ఆ మనిషికి, పాలప్యాకెట్లు చేతిలో పట్టుకునే, మనసులో దణ్ణం పెట్టాను. అది నటన కాదు, నమ్మండి. మరి అయిదు నిమిషాలకే ఆ కవరు పోస్టు డబ్బాలో ఎలా వేశాను? గొప్పతనాన్ని చూసి కళ్లు చెమర్చితే చాలు, మనమూ కాస్త గొప్పవాళ్లమైపోయినట్టు అనిపిస్తుందేమో. ఇప్పటికీ నాకు తెలియదు.

కొన్నాళ్లకు రజిత ఫోన్ చేసింది.

"అన్నా, మీటింగ్ ఎప్పుడైంది? నాకు లింక్ రాలే."

"పంపిన కదమ్మా. స్పామ్‌ల పడ్డదేమో చూడు."

"అయితే నాదే తప్పన్నా. సారీ. చూసుకోవాల్సి ఉండె."

సారీ తను చెప్పింది! సంఘానికి రావడం తగ్గించేసి, ఆ తర్వాత ఎర్లాంగెన్ అనే వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది. నేను ఇంకో రెండేళ్లు మైకు పట్టుకున్నాను. పెద్దావిడ ఎదురుపడితే ఆ నాయకుడి కథ మళ్లీ మొదలుపెడుతుంది. ప్రతిసారీ ఒళ్లు గగుర్పొడుస్తుంది, ప్రతిసారీ తల దించుకుంటాను. నా అంత శ్రద్ధగా వినేవాళ్లు లేరని ఆవిడ మురిసిపోతుంది.

క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు. ఒక్క మాట మాత్రం మీ ఎదుట పెడతాను.

రజితా, ఆ లింక్ నీ స్పామ్‌లో లేదమ్మా. నేను పంపనే లేదు.

హమ్మయ్య. రాసేశాను.