పిన్‌కోడ్ తేనె

ఓర్విల్ పౌస్టియన్ తుమ్మడం మొదలుపెడితే ఏడు తుమ్ములు తుమ్ముతాడు. ఆరుతో ఆగిన రోజు లేదు, ఎనిమిదో దాకా పోయిన రోజూ లేదు. ఆగస్టు నడిమి నుంచి మంచు పడేదాకా అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో సగం ముక్కులు కారుతూనే ఉంటాయి కాబట్టి అందులో వింతేమీ లేదు. వింతల్లా ఏమిటంటే, ఆ కారే ముక్కులకు మందని చెప్పి నది ఒడ్డు సంతలో శనివారం శనివారం తేనె అమ్మేది ఈ ఓర్విలే. అందుకని తుమ్ము వస్తున్నట్టు అనిపించగానే వ్యాను వెనక్కి పరిగెత్తేవాడు. తలుపు మూసుకుని ఏడూ తుమ్మేసి, మందుల షాపులో కొన్న అలర్జీ మాత్ర ఒకటి మింగి, కళ్ళు తుడుచుకుని, నవ్వు మొహం పెట్టుకుని మళ్ళీ వచ్చి నిలబడేవాడు.

అతనికి యాభై ఎనిమిదేళ్ళు. ఇరవై ఆరేళ్ళు నది అవతలి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో రంగు కొట్టాడు. వాళ్ళు ఇక చాలు పొమ్మన్నాక, చనిపోయిన బావమరిదివి పద్నాలుగు తేనెపెట్టెలుంటే తెచ్చి పెరట్లో పెట్టుకున్నాడు. మొదటి ఏడాది బోర్డు మీద ‘తేనె’ అని మాత్రం రాశాడు. ఉన్నమాట రాసినందుకు ఒక్కడూ ఆగి చూడలేదు. రెండో ఏడాది ‘మన ఊరి తేనె, అలర్జీలకు మంచిది’ అని రాశాడు. పదకొండింటికల్లా సీసాలన్నీ అయిపోయాయి. ఊరిజనం మీద అతనికి మిగిలి ఉన్న కాస్త గౌరవమూ ఆ పూటతోనే పోయింది.

ఈ ఊరివాళ్ళ నమ్మకం ఏమిటంటే, ఊరి తేనెలో ఊరి పుప్పొడి ఉంటుందట. రోజూ ఒక చెంచాడు తింటే ఒంటికి అలవాటైపోయి ముక్కు కారడం మానేస్తుందట. వీళ్ళ ముక్కుల ప్రాణం తీసేది రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క. దానికి పువ్వని చెప్పుకోదగ్గ పువ్వు లేదు, తేనె అసలే లేదు. దాని పుప్పొడి గాలికి ఎగిరి వస్తుంది. తేనె కోసం ఏ ఈగా దాని మొహం చూడదు. ఆ సంగతి తెలుసుకునే తీరిక ఎవరికుంది? అదే నెలలో గోల్డెన్‌రాడ్ అనే ఇంకో మొక్క పసుపుపచ్చగా, కంటికి ఇంపుగా పూస్తుంది. ఏ పాపం ఎరగని ఆ మొక్కను వేళ్ళతో సహా పీకి, అసలు దొంగను కంచె పక్కనే నడుమెత్తు పెరగనిచ్చి, దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని తుమ్ముతారు. చదువుకున్న వాళ్ళే, ఇళ్ళూ కార్లూ ఉన్నవాళ్ళే.

అంతటితో ఆగినా బాగుండేది. ఊరి తేనె అయితే చాలదు, తమ వీధి తేనే కావాలన్నారు. అయోవా గట్టున ఉన్నవాళ్ళు ఇల్లినాయ్ గట్టు తేనె ముట్టరు. మధ్యన ఉన్నది నది, దాన్ని తేనెటీగ ఏ పాస్‌పోర్టూ లేకుండా రోజుకు పదిసార్లు దాటగలదు. ఒకావిడ సీసా వెనక్కి తెచ్చి, “దీనిమీద 52807 అని ఉందండీ, మా ఇల్లు 52803లో కదా!” అంది. ఓర్విల్ ఆవిడను ఎగాదిగా చూసి, ఇంటికి పోయి తొమ్మిది పిన్‌కోడ్‌లతో తొమ్మిది రకాల చీటీలు అచ్చు వేయించాడు. తేనె మాత్రం ఒకటే డ్రమ్ములోది. జూలై దాటితే ఆ డ్రమ్ము కూడా నార్త్ డకోటా నుంచి లారీలో దిగేది.

పక్క కొట్టు జోలీన్‌ది. మొక్కజొన్న పొత్తులు అమ్ముతుంది. ఓర్విల్ గుట్టంతా ఆమెకు తెలుసు.

“ఏం డాక్టరుగారూ, ఇవాళ ఏ వీధి ఈగలు డ్యూటీలో ఉన్నాయి?” అనేది పొద్దున్నే.

“వాళ్ళడిగిందే ఇస్తున్నా. నాదేం పోయింది?” అనేవాడు.

“నీదేం పోదులే. పోయేది ఉంటేగా!”

ఆగస్టు చివర్లో ఒక శనివారం గాలి మరీ చెడింది. ఎక్కడో కెనడాలో అడవులు తగలబడుతున్న పొగ నది మీదికి దిగి కదలకుండా కూర్చుంది. పైన ఉక్క, దానికి తోడు రాగ్‌వీడ్. ఊపిరి జబ్బులున్నవాళ్ళు గడప దాటవద్దని రేడియో పొద్దుటి నుంచీ మొత్తుకుంటోంది. ఊపిరి జబ్బులున్నవాళ్ళంతా తేనె కొనడానికి సంతకు వచ్చారు.

ఆ వరసలో మిస్ లియోనా ఆర్ప్‌ను చూసి ఓర్విల్ చేతిలోని సీసా బల్ల మీద పెట్టేశాడు. ఆవిడ మూడో తరగతిలో అతని టీచరు. ఇప్పుడు ఎనభై రెండేళ్ళు. ఆ రోజుల్లో అతని తుమ్ములు లెక్కబెట్టి పిల్లలంతా నవ్వుతుంటే, ఆవిడ అతని చొక్కాకు పిన్నీసుతో చేతిరుమాలు గుచ్చి, ఇంకోటి తన జాకెట్టుకూ గుచ్చుకుని ఏడాదంతా అలాగే పాఠం చెప్పింది. ఈ ఊళ్ళో ఓర్విల్ చిన్నచూపు చూడని మనిషి ఆవిడ ఒక్కతే.

ఆవిడ పెదవులు పాలిపోయి ఉన్నాయి. ఛాతీలోంచి ఈల వినబడుతోంది.

“ఓర్విల్... 52803... పెద్ద సీసా ఇవ్వు.”

“మిస్ ఆర్ప్, ఇట్లాంటి రోజున బయటికి ఎందుకొచ్చారండీ? ఇన్‌హేలర్ పీల్చుకున్నారా?”

“మే నెలలోనే... మానేశాను. పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ... ఎందుకు దండగ? నీ తేనె ఉందిగా.”

“డాక్టరుకు చెప్పారా?”

“ఆయనకెందుకు చెప్పాలి? ఆయన... తేనె అమ్మడుగా!” అని నవ్వబోయి బల్ల పట్టుకుంది.

 ఇన్నాళ్ళూ ఓర్విల్ ఎవరి చెవిలో పువ్వు పెట్టినా, పెట్టించుకున్న చెవిదే తప్పు అనుకున్నాడు. ఇప్పుడా చెవి మిస్ ఆర్ప్‌ది. మందు పీల్చకుండా ఇంకాసేపు ఇలాగే నిలబడితే ఆవిడ ఇక్కడే పడిపోతుంది. వెనక వరసలో ఎవరెవరున్నారో కూడా చూసుకోలేదు.

“ఈ తేనె దేనికీ పనికిరాదండీ,” అన్నాడు గట్టిగా. “టీలో వేసుకోడానికి తప్ప. అలర్జీ తగ్గదు, ఆయాసం అసలే తగ్గదు. నేను అబద్ధం చెప్పి అమ్ముతున్నా. ఇది మన ఊరిది కూడా కాదు.”

సీసా మీది 52803 చీటీని గోటితో పీకేసి, ఆ చోట నది అవతలి ఊరి 61265 చీటీ అంటించి, అందరికీ కనబడేలా ఎత్తి చూపించాడు. జేబులోంచి మాత్రల పెట్టె తీసి బల్ల మీద కొట్టాడు.

“ఇవిగో, నేను మింగేది ఇవి!”

 వరసలో సైకిల్ హెల్మెట్ పెట్టుకున్న ఆవిడ పకపకా నవ్వింది.

“అబ్బ, ఎంత నిజాయితీ మనిషండీ! సూపర్‌మార్కెట్ వాళ్ళు ఇలా చెప్తారా?”

“అందుకే నేను ఇతని దగ్గర తప్ప కొనను,” అన్నాడు మాస్కు పెట్టుకున్న పెద్దమనిషి. “గొప్పలు చెప్పుకోడు. నాకు రెండివ్వు బాబూ. ఆ 61265 మా అత్తగారిదే, అది కూడా ఇచ్చెయ్యి.”

 మిస్ ఆర్ప్ ఓర్విల్ చెయ్యి తట్టింది.

“నువ్వు... చిన్నప్పుడూ అంతే. లెక్కల్లో నూటికి నూరొస్తే... కాపీ కొట్టానండీ అని ఏడ్చావు. నేను నమ్మానా?”

ఆ రోజు అతను నిజంగానే కాపీ కొట్టాడు.

ఆవిడ మళ్ళీ ఊపిరి అందక వంగిపోయింది. జోలీన్ కుర్చీ లాక్కొచ్చి కూర్చోబెట్టి, ఓర్విల్ చెవి దగ్గర చెప్పింది. “నిజం వాళ్ళకు పడదురా నాయనా. నీకు చేతనైందే చెప్పు.”

ఓర్విల్ మోకాళ్ళ మీద కూర్చుని, బోర్డు రాసిన నాటి గొంతు మళ్ళీ తెచ్చుకున్నాడు.

“మిస్ ఆర్ప్, అసలు సంగతి మీకు చెప్పడం మరిచిపోయానండీ. తేనె ఊపిరితిత్తుల్లోకి దిగాలంటే ముందు దారి తెరవాలి. పొద్దున, సాయంత్రం ఇన్‌హేలర్ పీల్చి, పది నిమిషాలు ఆగి అప్పుడు చెంచాడు తినాలి. ఇన్‌హేలర్ లేకపోతే తేనె వృథా. ఇదిగో, 52803 తేనెకు మరీ ముఖ్యం.”

“ఆ ముక్క... ముందే చెప్పొద్దూ!” అని ఆవిడ కసిరింది. సంచిలో అడుగున పడి ఉన్న, ఆయాసం ముంచుకొచ్చినప్పుడు పీల్చే నీలం ఇన్‌హేలర్ తీసింది. ఒకసారి పీల్చింది, ఆగి ఇంకోసారి పీల్చింది. ఈల మెల్లగా సన్నబడింది. పెదవులకు రంగు వచ్చింది. ఓర్విల్ కొట్టు అలాగే వదిలేసి ఆవిడను వ్యానులో తిన్నగా డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. దారి పొడవునా ఆవిడ, ఇంత చక్కటి తేనె చేసేవాడికి ఆ మాత్రం వివరంగా చెప్పడం రాకపోతే ఎలాగని చివాట్లు పెడుతూనే ఉంది.

ఆ వారం ఓర్విల్ బోర్డు మీద ‘అలర్జీలకు మంచిది’ అన్నది చెరిపి, మళ్ళీ ‘తేనె’ అని ఒక్కటే రాశాడు. తొమ్మిది రకాల చీటీలూ పొయ్యిలో వేశాడు. ఇక అమ్ముడుపోకపోయినా సరే అనుకుని శనివారం సంతకు వచ్చేసరికి వరస పార్కింగు దాకా ఉంది. ముందు మిస్ ఆర్ప్ నిలబడి ఉంది. ఊపిరి హాయిగా ఆడుతోంది, గొంతు ఖంగుమంటోంది.

“ముందు మందు, పది నిమిషాలాగి తేనె!” అని వచ్చినవాళ్ళందరికీ మూడో తరగతి పిల్లలకు చెప్పినట్టు చెబుతోంది. “నన్ను చూడండి. ఈ తేనే నన్ను బతికించింది.”

ఓర్విల్‌కు తుమ్ము వచ్చింది. ఈసారి వ్యాను వెనక్కి పోలేదు. అందరి ముందూ నిలబడి ఏడూ తుమ్మాడు. జేబులోంచి మాత్ర తీసి, పైకెత్తి చూపించి మరీ మింగాడు.

హెల్మెట్ ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది.

“అయ్యో పాపం! ఊరందరికీ అమ్మేసి, తనకని ఒక్క చెంచాడు కూడా మిగుల్చుకోడు కాబోలు!”