మంజులవాణి కట్టని చీరలు

రంగుల విషయంలో తప్ప మరెక్కడా పెద్దింటమ్మ అబద్ధమాడేది కాదు. ఆ సంగతి ఏలూరు పవరుపేటలో అందరికంటే బాగా ఆవిడ మొగుడు బంగారురాజుకి తెలుసు. ఎందుకంటే ఆ అబద్ధాలన్నీ అతని ఫోటో స్టూడియోలోంచే బయటికెళ్లేవి.

ఆవిడ పుట్టింది కొల్లేటి లంకలో, చేపలు పట్టుకు బతికే ఇంట్లో. పొద్దున లేచేసరికి నీళ్లు ఒక రంగు, మధ్యాహ్నానికి ఇంకో రంగు, పడవ ఒడ్డుకొచ్చే వేళకి మరో రంగు. వీటిలో అసలు రంగేదని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. పెళ్లయి ఏలూరొచ్చేసరికి బంగారురాజు రైల్వే గేటు దగ్గర చిన్న స్టూడియో పెట్టి ఉన్నాడు. ఫోటో తియ్యడంలో మంచి పనివాడే గానీ, నలుపు తెలుపు ఫోటోకి రంగులద్దే ఓపిక అతనికి లేదు. అగ్గిపుల్లకి దూది చుట్టి, రంగులో ముంచి, చెంపకింత, పెదవికింత, చీరకింత అని గంటల తరబడి వంగి కూర్చోవాలి. అతనొకరోజు విసుక్కుంటుంటే పెద్దింటమ్మ, "ఇటివ్వండి" అని ఆ పుల్ల తీసుకుంది. మళ్లీ తిరిగివ్వలేదు.

యాభైనాలుగు వేసవిలో మంజులవాణి అనే సినిమా తార మద్రాసు నుంచి విశాఖపట్నం పోతూ, కారు చెడిపోయి ఏలూరు ట్రావెలర్స్ బంగళాలో దిగింది. సంగతి తెలియగానే బంగారురాజు కెమెరా, దాని మూడుకాళ్ల స్టాండు రిక్షాలో వేసుకు పరిగెత్తాడు. ఆవిడ వరండాలో పడక కుర్చీలో కూర్చుని ఉంది. సాదా తెల్లచీర, నుదుటిమీద అంటుకుపోయిన జుట్టు పాయ, చేతిలో కొబ్బరిబోండాం. మొహాన రంగు లేదు, మెడలో నగ లేదు. తియ్యవచ్చా అని ఇతను నసుగుతుంటే, "తీసుకోవయ్యా, ఈ ఎండలో వచ్చావు" అని గడ్డం కొంచెం పైకెత్తి నవ్వింది. ఒక్కటే ఫోటో. ఈలోగా కారు బాగయింది, ఆవిడ వెళ్లిపోయింది.

ఆ రాత్రి ప్రింటు వేసి చూసుకుని బంగారురాజు తనే ఆశ్చర్యపోయాడు. సినిమా పత్రికల్లో బొమ్మలా బిగుసుకుని కనిపించే మనిషి, ఇందులో మన వీధిలో మనిషిలా ఉంది. అయినా తారలాగే ఉంది.

మర్నాడు పెద్దింటమ్మ రంగు సీసాలు ముందేసుకుని అడిగింది. "చీర ఏం రంగండీ?"

"తెలుపే. నా కళ్లతో చూశాను."

"తెలుపైతే ఇక నేనెందుకండీ?"

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కొల్లేట్లో తూటికాడల మధ్య తిరిగే నీటికోడికి మెడ దగ్గర ఒక నీలం ఉంటుంది, ఎండ పడితే ఊదాలోకి తిరుగుతుంది. చీరకి ఆ రంగు వేసింది. అంచుకి తామరపువ్వు ఎరుపు. ఆరబెట్టి కిటికీలో పెట్టింది. బంగారురాజు చూసి తల పట్టుకున్నాడు గానీ, సాయంత్రానికే కాపీలు కావాలని జనం వచ్చారు. తల పట్టుకున్న చేతుల్తోనే ప్రింట్లు వేశాడు.

కొన్నాళ్లకి తాడేపల్లిగూడెం నుంచి నాగేశ్వరరావు అనే బట్టల వ్యాపారి వచ్చాడు. లావుపాటి మనిషి, మెత్తని మాట. సంచిలోంచి ఆ ఫోటో తీసి బల్లమీద పెట్టాడు.

"చూడండి బంగారురాజు గారూ, మా కొట్టుకొచ్చిన ప్రతి ఆడమనిషీ ఈ చీరే కావాలంటోందండి. కంచి అంటే కాదంటున్నారు, బెనారసు అంటే కాదంటున్నారు. ఇది ఏ ఊరి నేతో ఆవిడ ఏమైనా చెప్పారాండీ?"

బంగారురాజు నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. ఈలోగా లోపలి గదిలోంచి, తెర వెనకనుంచి పెద్దింటమ్మ గొంతు వినబడింది. "ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారండీ ఆవిడ."

నాగేశ్వరరావు ఆ మాటకి మరింత గౌరవంగా ఫోటో సంచిలో పెట్టుకున్నాడు. చీరాల వెళ్లి, నేతగాళ్లకి ఫోటో చూపించి, అచ్చం అలాగే నేయించాడు. కొట్టు ముందు 'మంజులవాణి చీరలు' అని బోర్డు కట్టాడు. దసరా నాటికి ఆకివీడు చేపల సంతలో కూడా ఆ నీలం కనబడింది. ఆ సంగతి విన్న రోజున పెద్దింటమ్మ తల దువ్వుకుంటూ తనలో తనే చాలాసేపు నవ్వుకుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒకే మొహానికి ఒకే నీలం ఎన్నిసార్లని వేస్తుంది? విసుగొచ్చి ఒక కాపీకి పసుపు చీర వేసింది, అంచు నాచు రంగు. ఇంకోదానికి గూడబాతు ముక్కు కింది సంచి రంగు వేసింది. ఆ రంగుకి పేరేమిటో ఆవిడకీ తెలియదు.

తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఊళ్లో అచ్చాయమ్మ, వీరరాఘవమ్మ అని తోడికోడళ్లు ఉన్నారు. వరిచేలున్న ఇల్లు, గదులకి లోటు లేదు. ఒకావిడ గదిలో నీలం మంజులవాణి, రెండో ఆవిడ గదిలో పసుపు మంజులవాణి. నాదే అసలంటే నాదే అసలని వారం పది రోజులు వంటింట్లో గిన్నెలు మామూలుకంటే గట్టిగా మోగాయి. చివరికి ఇద్దరూ ఫోటోలు చంకన పెట్టుకుని ఏలూరు వచ్చారు.

బంగారురాజు వాళ్లని చూడగానే డార్కు రూములోకి వెళ్లి తలుపేసుకున్నాడు. పెద్దింటమ్మే మాట్లాడవలసి వచ్చింది.

"రెండూ అసలేనండీ. ఆవిడ మధ్యలో చీర మార్చుకున్నారు."

అచ్చాయమ్మ ఫోటోలు రెండూ పక్కపక్కన పెట్టి, కళ్లజోడు పైకి తోసుకుని నిదానంగా చూసింది. "చీర మార్చుకుని వచ్చి మళ్లీ అలాగే కూర్చున్నారన్నమాట."

"అవునండీ."

"జుట్టు పాయ మళ్లీ అక్కడే అంటుకుంది."

"ఉక్కపోత కదండీ."

"సరే. మరి బోండాం మీద ఈ ఈగ ఉందే. ఆవిడ లోపలికెళ్లి చీర మార్చుకొచ్చేదాకా ఇది ఇక్కడే కూర్చుని ఎదురుచూసిందా అమ్మా?"

పెద్దింటమ్మ వంగి చూసింది. నిజమే, బోండాం అంచుమీద ఈగ ఉంది. ఇన్ని కాపీలకి రంగులేసి కూడా దాన్ని మచ్చ అనుకుంది. ముందు ఆవిడకి నవ్వొచ్చింది, తర్వాత వీరరాఘవమ్మకి వచ్చింది. డార్కు రూములోంచి కూడా చిన్న దగ్గు లాంటిది వినబడింది.

"తెల్లచీరండీ," అంది పెద్దింటమ్మ. "తప్పు నాదే. నాకు తెలుపు నచ్చలేదు."

తిడతారనుకుంది. అచ్చాయమ్మ తోడికోడలికి వినబడకుండా దగ్గరికి జరిగి, "అయితే నాకు ఎవరికీ లేని రంగులో ఒకటి వేసిపెట్టు" అంది. వీరరాఘవమ్మకి చెవులు బాగానే పనిచేస్తాయి. ఆవిడా ఒకటి అడిగింది.

ఇక దాపరికం లేకుండా పోయింది. పెద్దింటమ్మ కిటికీ నిండా అదే మొహాన్ని వరసలు వరసలుగా పేర్చింది. అదే నవ్వు, అదే ఈగ, చీర మాత్రం దేనికది వేరు. కొన్నిటికి జుట్టు ఎర్రగా, కొన్నిటికి వెనక గోడ నారింజ రంగు. ఒకదానికి మొహమే ఆకుపచ్చ.

"మొహం ఆకుపచ్చేమిటే?" అన్నాడు బంగారురాజు.

"పడవలోంచి నీళ్లలోకి వంగి చూసుకుంటే అలాగే ఉంటుందండీ."

అన్నిటికంటే ముందు అమ్ముడుపోయింది ఆ ఆకుపచ్చదే. కిటికీ చూస్తూ సైకిలు తొక్కిన ఒక పోస్టుమాన్ వెళ్లి అరటిపళ్ల బండిలో పడ్డాడు.

మరుసటి సంవత్సరం స్టూడియో ముందు పెద్ద కారు ఆగింది. మంజులవాణే దిగింది. తాడేపల్లిగూడెంలో తన పేరున చీరల కొట్టు చూసి, వాకబు చేసుకుంటూ వచ్చిందట. కిటికీ ముందు నిలబడి వరసలన్నీ తీరిగ్గా చూసింది. బంగారురాజు మళ్లీ డార్కు రూములోకే వెళ్లాడు.

"నాకు లేని చీరలన్నీ నాకు కట్టావు," అంది లోపలికొచ్చి.

రంగులంటిన వేళ్లు వెనక్కి పెట్టుకుంది పెద్దింటమ్మ. "మన్నించండి అమ్మగారూ. మీకు ఏది కట్టినా ఒప్పుతోంది. అందుకే ఆగలేకపోయానండి."

మంజులవాణి ఆ మాటకి మెత్తబడిందో, కిటికీ చూసినప్పుడే మెత్తబడిందో చెప్పలేం. "మద్రాసులో నా చీరలు నలుగురు కూర్చుని తేలుస్తారు. ఒక్కడూ నీలం వెయ్యనివ్వడు, నేను నల్లబడి కనిపిస్తానట," అంది. తర్వాత కారు పంపి నాగేశ్వరరావు కొట్లోంచి నీలం చీర తెప్పించుకుని, లోపలి గదిలో కట్టుకుని, ఆ నీలంతోనే కారెక్కింది. ఆ దృశ్యం చూసే అదృష్టం బంగారురాజుకి తలుపు సందులోంచి దక్కింది.

ఆ తర్వాతే అసలు తమాషా మొదలయింది. మద్రాసు నుంచి రంగులేని ఫోటోలు రిజిస్టరు పార్సిలులో రావడం మొదలుపెట్టాయి. పెద్దింటమ్మ తనకి తోచిన రంగు వేసి పంపేది. మంజులవాణి ఆ రంగు చూసుకుని, అలాంటి చీర కొని, అది కట్టుకుని సభలకి వెళ్లేది. అది చూసి మద్రాసు అమ్మాయిలు, వాళ్లని చూసి బెజవాడ అమ్మాయిలు. నాగేశ్వరరావు నెలకోసారి పూతరేకులు పట్టుకొచ్చి, వచ్చే నెల రంగు ఏమిటో చెప్పండి అని బతిమాలేవాడు. పెద్దింటమ్మ పూతరేకులు తిని, "ఇంకా అనుకోలేదండీ" అనేది.

యాభైతొమ్మిదిలో ఒక పార్సిలు వచ్చింది. మంజులవాణి సోఫాలో కూర్చుని ఉంది, ఒళ్లో బొచ్చుకుక్క. పెద్దింటమ్మ చీర ముగించి, నగలు ముగించి, కుక్క దగ్గర ఆగింది.

"ఏవండీ, కుక్కకి ఏ రంగు వెయ్యమంటారు?"

"కుక్కరంగే," అన్నాడు బంగారురాజు, పేపరులోంచి తలెత్తకుండా.

అతను తలెత్తేసరికి కుక్క గులాబీ రంగులో ఉంది, చెవులు తడారుతున్నాయి. మళ్లీ వేసే సమయం లేదు, పోస్టాఫీసు మూసేస్తారు. ఫోటో వెళ్లిపోయింది. మద్రాసులో ఆ కుక్కని తర్వాత ఏం చేశారో ఏలూరులో ఎవరికీ తెలియదు. అడుగుతూ ఉత్తరం రాద్దామని బంగారురాజు ఎంత పోరినా, పెద్దింటమ్మ రాయనివ్వలేదు.