కొబ్బరి ముక్కకు మూడు నెలలు

మా ఊరి చర్చి సంఘంలో నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది, అంటే యేసు పేర రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. రొట్టె ముక్కల పళ్లెం వరుసల మధ్య తిప్పేది సంఘపెద్దలు. పదకొండేళ్లుగా ఆ పళ్లెం నా చేతిలో ఉండేది. నేను హైస్కూల్లో లెక్కల మేస్టారిని. తప్పు కనబడితే ఎర్ర సిరాతో చుట్టకుండా ఉండలేను. బడిలో అది ఉద్యోగం. సంఘంలో దాన్నే భక్తి అనుకున్నాను.

ఎవరైనా వేరే దేవుళ్ల ముందు పెట్టినది తింటే మూడు నెలలు బల్ల ఆపాలన్న నియమం మా మినిట్స్ పుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది. బల్ల ఆపడమంటే కొట్టడం, తిట్టడం ఏమీ ఉండదు. ఆ మనిషి చర్చికి రావచ్చు, పాడవచ్చు, ప్రార్థన చేయవచ్చు. పళ్లెం వచ్చినప్పుడు మాత్రం చెయ్యి పెట్టకూడదు.

మొన్న డిసెంబరులో ఆ నియమం ఒక పెద్దావిడకి తగిలింది. మా వీధిలోనే ఉంటుంది, కూలి ముఠాకి మేస్త్రి, అరవై దాటాయి. మా అమ్మతో కలిసి ముప్పై ఏళ్లు మిరపకాయలు కోసింది. అమ్మ పోయాక, నా తల నెరిశాక కూడా నన్ను "అబ్బాయ్" అనే పిలిచేది. మా వైపు తొలి కోత రోజున రైతు చేను గట్టున కొబ్బరికాయ కొట్టి, దణ్ణం పెట్టుకుని, కూలీలకి తలా ఒక ముక్క పెడతాడు. మా సంఘం ఆడవాళ్లు ఆ ముక్క తీసుకుని కొంగున ముడేసుకుంటారు. ఇంటికెళ్లేటప్పుడు తినేవాళ్లెవరికో ఇచ్చేస్తారు. దాంతో రైతుకీ కోపం రాదు, సంఘానికీ రాదు. ఆవిడ మాత్రం అక్కడే నోట్లో వేసుకుంది. బడికి బండి మీద వెళ్తూ నేను చూశాను.

సంఘపెద్దల కమిటీలో అడిగితే ఆవిడ దాచలేదు. "పొద్దున్నే ఏం తినకుండా బయల్దేరానండి. ఆకలి మీదున్నాను, చేతిలో పెట్టారు, తినేశాను. తప్పేనండి," అంది. ఈసారికి ప్రార్థన చేసి వదిలేద్దామన్నారు పాస్టరు గారు. నేను పుస్తకం తెరిచి నియమం చదివాను. రాసి ఉన్నదాన్ని ఎవరూ కాదనలేకపోయారు.

జనవరి, ఫిబ్రవరి, మార్చి. ప్రతి నెలా ఆవిడ రెండో వరుస చివరనే కూర్చుంది. నేను పళ్లెం అందిస్తే రెండు చేతులతో అందుకుని, తల వంచుకుని, పక్కావిడకి ఇచ్చింది. వీధిలో ఎదురైతే "వందనాలు మేస్టారూ" అనేది. అబ్బాయ్ అనడం మానేసింది. మర్యాద పెరిగిందని సంతోషించానంటే అబద్ధం, గుచ్చుకుంది. అయినా నియమం నియమమే అనుకున్నాను.

మార్చిలో పదో తరగతి పరీక్షల ముందు మా బడిలో హాల్‌టికెట్లు సరస్వతి పటం ముందు పెట్టి పూజ చేశారు. ఏటా చేస్తారు. పూజయ్యాక నైవేద్యం పెట్టిన పులిహోర స్టాఫ్‌రూముకి వచ్చింది. మార్కులు కూడుకుంటూ తిన్నాను. బాగుందని మళ్లీ పెట్టించుకున్నాను. చెయ్యి కడుక్కుంటుంటే కొబ్బరి ముక్క గుర్తొచ్చింది. కొళాయి కట్టేశాను. తర్వాత నాకు నేనే జవాబు చెప్పుకున్నాను: ఆవిడ తిన్నది ప్రసాదం, నేను తిన్నది టిఫిను. గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. నాకు తెలిసింది. తెలిసీ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఏప్రిల్ మొదటి ఆదివారానికి ఆవిడ గడువు తీరింది. తిరిగి బల్లకి వచ్చేవాళ్లు లేచి అందరి ముందు ఒప్పుకోలు చెప్పాలి. చాలామంది ఒక్క మాటలో ముగించి కూర్చుంటారు. ఆవిడ కూర్చోలేదు.

"కొబ్బరి ముక్క సంగతి ఆ రోజే ప్రభువుకి చెప్పుకున్నాను. ఇయ్యాల చెప్పుకోవాల్సింది వేరే ఉంది. ఈ మూడు నెలలూ మేస్టారి మీద పగబట్టాను. ఆయన పళ్లెం పట్టుకొని వస్తుంటే ఆ చెయ్యి విరిగిపోతే బాగుండుననుకున్నాను. తప్పయిపోయింది, క్షమించండి మేస్టారూ," అని నా వైపు తిరిగి చేతులు జోడించింది.

పళ్లెం నా చేతిలోనే ఉంది. చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచి, "ప్రభువు క్షమిస్తాడమ్మా" అన్నాను. సంఘమంతా ఆమేన్ అంది. ఆ ఆమేన్ వింటుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఐదో రోజు పొద్దున్నే మిరప కల్లానికి వెళ్లాను. ఆరబోసిన కాయల్ని బస్తాలకెత్తుతున్నారు. ఎండిన కాయ పెళుసుగా ఉంటుంది, అలాగే తొక్కితే విరిగి గింజలు రాలిపోతాయి. అందుకని ముందు రోజు సాయంత్రమే కాసిని నీళ్లు చిలకరించి, పట్టా కప్పి, మెత్తబడ్డాక తొక్కుతారు. పాస్టరు గారైతే దీని మీద ముప్పావుగంట ప్రసంగం చేసేవారు. నాకు ఆ ఘాటుకి తుమ్ములు తప్ప ఏమీ రాలేదు.

తుమ్ముల మధ్యే ఆవిడకి పులిహోర సంగతి చెప్పాను. క్షమించమన్నాను. బస్తాలో నిలబడి తొక్కుతూనే విన్నది.

"నా వరకు ఆదివారమే అయిపోయింది. నా మనసులో ఏం లేదు," అంది.

"అయితే చాలు పెద్దమ్మా."

"మీకు చాలా? నన్ను ఆపింది ఈ కల్లంలో కాదు గదండీ, అందరి ముందూ ఆపారు. చెప్పేదేదో అక్కడే చెప్పండి."

నాకు కోపం వచ్చింది. క్షమాపణ అడిగినవాడికి ఇంకా హోంవర్కు ఇస్తుందేమిటి అనుకుంటూ ఇంటికొచ్చాను. రెండు రోజులకి ఆ కోపం చల్లారింది. చల్లారాక చూసుకుంటే అడుగున ఉన్నది భయం. పెద్దరికం పోతుంది, పళ్లెం పోతుంది, వీధిలో తలెత్తుకోలేను. ఆవిడ మూడు నెలలు అదే వీధిలో తిరిగిందన్న సంగతి అప్పుడు తట్టింది.

మే మొదటి ఆదివారం నేను పళ్లెం ముట్టుకోలేదు. లేచి నిలబడ్డాను. కాగితం మీద రాసుకెళ్లాను గానీ చదవలేకపోయాను. రెండోసారి పెట్టించుకున్న సంగతి కూడా చెప్పాను. వెనకెవరో కిసుక్కున నవ్వారు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. అమ్మ పోయిన రోజున కూడా నలుగురిలో ఏడవలేదు.

పాస్టరు గారు మినిట్స్ పుస్తకం వైపు చూశారు. "నాకూ మూడు నెలలే రాయండి" అన్నాను. రెండో వరుస చివర ఆవిడ లేచింది.

"మూడు నెలలంటే ఎంతో నాకు తెలుసయ్యా," అంది పాస్టరు గారితో. "మా అబ్బాయికి ఇయ్యాలే పెట్టండి."